వాడి గొడ్డు, వాడి ఇల్లు అని ఊరుకోవద్దు!

సోమందేపల్లి మండల ప్రజలకు, సర్పంచులకు, పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ళకు విజ్ఞప్తి

తాగొచ్చినవాడు కొట్టంలో ఎద్దును చర్నాకోలతో బాదుతుంటే "వాడి గొడ్డు, వాడిష్టం" అంటాం. అదే ఇంట్లోంచి ఆడమనిషి ఏడుపు వినబడితే "మొగుడూ పెళ్ళాల గొడవ, మనకెందుకు" అంటాం. కొట్టేవాడికి ధైర్యమిచ్చేది ఈ రెండు మాటలే.

గొడ్డును కొట్టే ప్రతివాడూ భార్యను కొడతాడని మేం అనడం లేదు. కానీ ఒకచోట దెబ్బ కనబడితే రెండోచోట కూడా చూడాలి. మన సీమలో దీనికి ఇంకో కారణముంది. పాడి ఎనుము, నాలుగు జీవాలు చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ ఆసరా. సంఘం అప్పుతో కొని, పాలు పోసి కంతులు కడుతున్నవి. ఆమెను లొంగదీయాలంటే ముందు వాటిమీదే చెయ్యి పడుతుంది. మేత ఆపుతారు, కొడతారు, సంతకు తోలి అమ్మి తాగుతారు. పుట్టింటికి పోదామన్నా, వాటిని చూసేదెవరని ఆమె ఆగిపోతుంది.

2005 గృహహింస చట్టం ప్రకారం, ఆమెకు హక్కున్న ఆస్తిని అమ్మేయడం ఆర్థిక హింస. ఆ అమ్మకాన్ని మేజిస్ట్రేటు ఆపగలరు. హింస జరుగుతోందని ఇరుగుపొరుగువాళ్ళు కూడా ఆ చట్టం కింద పనిచేసే రక్షణాధికారికి చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదని 4వ సెక్షన్ హామీ ఇస్తోంది. పశుహింసకు 1960 చట్టం మొదటిసారి వేసే జరిమానా మాత్రం ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలే. అయితే 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద పశువును చంపినా, విషం పెట్టినా, అవిటి చేసినా ఐదేళ్ళ దాకా జైలు పడొచ్చు.

చట్టాలున్నాయి. ఒకరు చూసింది ఇంకొకరికి చేరడమే లేదు. కొట్టంలో గాయాన్ని పశుసంవర్ధక సహాయకుడు చూస్తాడు. ఇంట్లో గాయాన్ని ఆశా కార్యకర్త చూస్తుంది. బిడ్డ బెదురును అంగన్‌వాడీ టీచరు గమనిస్తుంది. అందరూ తిరిగేది ఆ ఊళ్ళోనే, ఎవరి రిజిస్టరు వాళ్ళదే.

పశువుల కోసం పనిచేసేవారు మనుషులనూ కాపాడగలరనడానికి ఒక ఉదాహరణ ఉంది. 1874లో న్యూయార్క్‌లో మేరీ ఎలెన్ అనే పాపను పెంచుతున్నావిడ చిత్రహింస పెడుతుంటే, విడిపించే దారి దొరకని ఒక సంఘసేవకురాలు చివరికి పశుహింస నిరోధక సంఘం స్థాపించిన హెన్రీ బెర్గ్‌ను ఆశ్రయించింది. ఆయన పూనుకుని కోర్టు ద్వారా పాపను కాపాడారు. పిల్లల రక్షణకు అక్కడ సంఘం పుట్టింది ఆ తర్వాతే.

మనం చేయాల్సినవి:

1. నెలకోసారి సచివాలయంలో పశుసంవర్ధక సహాయకుడు, ఆశా, అంగన్‌వాడీ టీచరు, మహిళా పోలీసు, పొదుపు సంఘం లీడరు కలిసి కూర్చోవాలి. అది తీర్పు చెప్పే పంచాయితీ కాదు. అనుమానం ఉంటే రక్షణాధికారికి చేరవేయడం వరకే వాళ్ళ పని. బాధితురాలి పేరు బయటికి పొక్కకూడదు.

2. గాయపడిన పశువుకు వైద్యం చేసేవారు ఇంట్లోవాళ్ళ క్షేమం కూడా అడగాలి. గృహహింస ఫిర్యాదు రాసుకునేవారు ఇంట్లోని పశువుల సంగతి అడగాలి.

3. ఆమె ఇల్లు విడిచి ఉండాల్సిన రోజుల్లో ఎనుమును, జీవాలను సంఘం సభ్యులు మేపాలి. మేత ఖర్చులో పంచాయతీ చెయ్యి వెయ్యాలి.

4. 1960 చట్టం కింద వచ్చిన 2001 నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాకూ పశుహింస నిరోధక సంఘం ఉండాలి. 2022లో ఏర్పడిన మన శ్రీ సత్యసాయి జిల్లాలో దాని తరఫున మండలానికో మనిషిని పెట్టమని కలెక్టరును కోరాలి.

"ఇంటి పరువు పోతుంది, పెద్దమనుషులు సర్దిచెబుతారులే" అనేవాళ్ళున్నారు. సర్దిచెప్పిన పెద్దమనుషులు ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. ఆమె మాత్రం రాత్రికి అదే ఇంటికి పోవాలి. ఆమెకు పరువుకంటే ముందు ప్రాణం కావాలి.

చాలకూరు అయినా, మాగేచెరువు అయినా, మగ్గాల వీధి అయినా, రానున్న గ్రామసభలో ఈ నాలుగింటినీ తీర్మానంగా పెట్టించండి. చేతులెత్తండి, మినిట్స్ పుస్తకంలో రాయించండి, నకలు అడిగి తీసుకోండి.

మహిళలకు 181. పిల్లలకు 1098. పోలీసు సాయానికి 112. ఉచిత న్యాయ సహాయానికి 15100. పశువుల అంబులెన్సుకు 1962. ఈ కాగితాన్ని చించేయకుండా గోడకు అంటించండి.