శిబిరం చివరి రోజు

వేసవి సెలవులు మొదలైతే చాలు, చిత్రలేఖనం, నాట్యం, బొమ్మల తయారీ నేర్పే శిబిరాలు ఊరూరా వెలుస్తాయి. చదువుకు ఆటంకమని కొందరు, సెలవుల్లో కాలక్షేపమని కొందరు వాటిని గురించి వాదించుకుంటారు. ఆ వాదంలోకి నేను పోదలచుకోలేదు. శిబిరం ముగిసిన నాడు పిల్లలను తీసుకురావడానికి వెళ్లే తల్లిదండ్రులు అక్కడ ఏమి చూస్తారు, ఏమి అడుగుతారు అన్నదే నా ఆలోచన. పది రోజుల శ్రమకు విలువ ఉండడమో, లేకపోవడమో చాలావరకు ఆ చివరి గంటలోనే తేలిపోతుందని నా అభిప్రాయం.

ఎనిమిదో తరగతి పూర్తిచేసిన మా అమ్మాయి కొండపల్లిలో బొమ్మల శిబిరానికి వెళ్లింది. ఆఖరి రోజున నేను విజయవాడలో బస్సెక్కాను. ఇబ్రహీంపట్నం విద్యుత్కేంద్రం పొగగొట్టాలు కనిపించాయంటే కొండపల్లి వచ్చినట్లే. కొండ మీద రెడ్డిరాజుల కాలంనాటి కోట, దిగువన బొమ్మలు చేసేవారి ఇళ్లు. ఆ కొండల్లో పెరిగే తెల్లపొణికి చెట్టు కలపే ఈ కళకు ఆధారం. తేలికైన ఆ కలపను ఆరబెట్టి, సన్నని సెగ మీద తేమ పోగొట్టి, ఒక్కొక్క అవయవాన్నీ విడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికిస్తారు. ఆరిన తరువాత సున్నం పూసి, దాని మీద రంగులు దిద్దుతారు. సంక్రాంతి బొమ్మల కొలువులో మనం మురిసిపోయి చూసే అంబారీ ఏనుగు ఇన్ని చేతిపనులు దాటి వచ్చినదే.

శిబిరం జరిగిన గదిలో బల్లల మీద ఏనుగులు బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్క దాని ముందు ఒక పేరు చీటీ. అన్నీ నిగనిగలాడుతున్నాయి, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తల్లిదండ్రులు ఫోటోలు తీసుకొంటూ సంబరపడుతున్నారు. మా అమ్మాయి చీటీ వెనుక బల్ల మీద దొరికింది. దాని ముందున్న ఏనుగుకు ఒక కాలు పొట్టి. అది నిలబడలేక గోడకు ఆనుకొని ఉంది. మెడ దగ్గర సున్నం పగిలి గీతలా కనిపిస్తోంది. పక్కవారు చూస్తారేమోనని నాకు చిన్నతనం అనిపించిన మాట దాచను.

“ఇదేమిటమ్మా, అందరివీ అంత చక్కగా ఉంటే?” అన్నాను.

“వాటికి చివర మాస్టారే మెరుగు పెట్టారు నాన్నా. అమ్మానాన్నలు వస్తారు, బాగుండాలి అన్నారు నిర్వాహకులు. నాది వద్దన్నాను.”

తరువాత అది చెప్పసాగింది. కాలు చెక్కేటప్పుడు ఉలి లోతుగా దిగిందట. మక్కు పెట్టి సరిచేయబోయిందట. అది లోపల ఆరకముందే తొందరపడి సున్నం పూయడంతో మెడ దగ్గర పగిలిందట. ఈసారి అయితే ఎన్నాళ్లు ఆగాలో, వేలితో నొక్కి ఎలా తెలుసుకోవాలో కూడా చెప్పింది. నిగనిగలాడే ఏనుగుల ముందు నిలబడి ఉంటే ఇందులో ఒక్క ముక్క కూడా నాకు తెలిసేది కాదు.

నిర్వాహకులను తప్పుపట్టడం తేలిక. వారు ఎవరి కోసం అలా చేశారు? మా కోసమే. బడిలో ఇచ్చిన నమూనాలను రాత్రంతా కూర్చుని తామే తయారుచేసి, పొద్దున పిల్లల చేతికిచ్చి పంపే తల్లిదండ్రులం మనమే కదా! “ఏం చేశావో చూపించు” అని అడుగుతాం గాని, “ఎక్కడ చెడిపోయింది?” అని అడగము. పది రోజుల్లో ఎవరూ కళాకారులు కారు. ఒక కాలు చెక్కడం ఎంత కష్టమో తెలిసిన మనిషి మాత్రం తయారుకావచ్చు. ఇప్పుడు ఆ కళకు అటువంటి మనుషుల అవసరమే ఎక్కువగా ఉంది. బొమ్మలు నేర్పిన వృద్ధుణ్ణి మీ పిల్లలు కూడా ఈ పనిలోనే ఉన్నారా అని అడిగాను. “ఇద్దరూ బయట ఉద్యోగాల్లో ఉన్నారు బాబూ. దీనిమీద ఇల్లు గడవద్దూ?” అన్నాడు ఆయన. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు, ఇంట్లో కొలువుకు ఉంటుందని, బొమ్మల వీధిలో ఒక దుకాణం దగ్గర ఆగాను. అంబారీ ఏనుగు ఆరు వందలన్నాడు దుకాణదారు. అలవాటు కొద్దీ నాలుగు వందలకు ఇమ్మన్నాను. అమ్మాయి నా చొక్కా అంచు పట్టి లాగింది.

“నాన్నా, ఆ ఒక్క కాలికే నాకు మూడు రోజులు పట్టింది,” అంది మెల్లగా.

దుకాణదారు నవ్వి, అయిదు వందల యాభైకి ఇస్తానన్నాడు. నేను ఆరు వందలే ఇచ్చాను. కొన్న ఏనుగును కాగితంలో చుట్టించి సంచిలో పెట్టాను. కుంటి ఏనుగును మాత్రం అది సంచిలో పెట్టనివ్వలేదు. సున్నం ఇంకా గట్టిపడలేదంటూ విజయవాడ దాకా ఒడిలోనే పెట్టుకొని కూర్చుంది.