రోడ్డుకీ ఉండాలి బీటా వెర్షన్!

మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు ఆఫర్ లెటర్‌లో నేను చూసింది ఒక్కటే.. ప్యాకేజీ. ఆఫీసుకి రోజూ ఎలా వెళ్తానన్నది బుర్రకే తట్టలేదు. చేరాక తెలిసింది అసలు సంగతి. మెట్రో దిగిన చోటు నుంచి ఆఫీసు కిలోమీటరున్నర. నడిస్తే 20 నిమిషాలు. కానీ నడవడానికి దారేదీ? ఫుట్‌పాత్ మీద ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్, ఇంకోచోట టిఫిన్ బండి, ఆ పక్కనే వరుసగా బైకులు. రోడ్డు మీదకి దిగితే వెనక నుంచి హారన్ల మోత. నెల తిరక్కుండానే బైక్ ట్యాక్సీకి అలవాటు పడ్డా. ఆరు నెలలకి సొంత బండి కొన్నా. ఒక్క ముక్కలో చెప్పాలంటే, కిలోమీటరున్నర నడిచే వీల్లేక మూడేళ్లు ఈఎంఐ కట్టా!

అందుకే 2020లో బ్రిటన్ నగరాలు చేసిన పని గురించి చదివినప్పుడు నాకు ఆసక్తితో పాటు కాస్త అసూయ కూడా కలిగింది.

కరోనా తొలి లాక్‌డౌన్ సడలిస్తున్న రోజులవి. మనిషికీ మనిషికీ మధ్య రెండు మీటర్ల ఎడం పాటిస్తే, బస్సులూ రైళ్లూ అన్నీ తిరిగినా పది మందిలో ఒక్కరికే చోటుంటుందని అక్కడి రవాణా మంత్రి గ్రాంట్ షాప్స్ చెప్పారు. మిగతా తొమ్మిది మందీ కార్లు తీస్తే ఊరు మొత్తం జామ్. అందుకే మే 9న ప్రభుత్వం 25 కోట్ల పౌండ్ల అత్యవసర నిధి ప్రకటించింది. నడిచేవాళ్లకీ, సైకిల్ తొక్కేవాళ్లకీ రోడ్డులో వాటా పెంచండి, అదీ వారాల్లోనే చేయండని నగర కౌన్సిళ్లకి చెప్పింది.

మన దగ్గరైతే వారాల్లో టెండరు నోటీసు కూడా రాదు కదా! మరి వాళ్లెలా చేశారు? సింపుల్. కొత్తగా రోడ్డేమీ వేయలేదు. ఉన్న రోడ్డులోనే ఒక లేన్‌ని ప్లాస్టిక్ స్తంభాలు, కోన్లు, రంగు గీతలతో వేరు చేశారు. షాపుల ముందు పార్కింగ్ జాగా తీసేసి ఫుట్‌పాత్ వెడల్పు చేశారు. లెస్టర్ నగరంలో ఆసుపత్రి సిబ్బంది డ్యూటీకి సైకిల్ మీద వెళ్లేందుకు కోన్లు పెట్టి దారి చేశారు. మూలన పడున్న పాత సైకిళ్లు బాగు చేయించుకోమని ఇంగ్లండ్‌లో 50 పౌండ్ల వోచర్లు కూడా ఇచ్చారు. మొదటి విడత 50 వేల వోచర్లు విడుదల చేసిన రాత్రే జనం తాకిడికి వెబ్‌సైట్ కుప్పకూలింది. సర్వర్ల కష్టాలు మనకే కాదన్నమాట!

ఇందులో నాకు బాగా నచ్చింది సైకిల్ కాదు, పద్ధతి. అక్కడ ‘ప్రయోగాత్మక ట్రాఫిక్ ఉత్తర్వు’ అని ఒకటుంది. దాని గడువు గరిష్ఠంగా 18 నెలలు. ముందు మార్పు చేసి చూస్తారు. మొదటి ఆరు నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఆ తర్వాత శాశ్వతం చేయాలా, తీసేయాలా అన్నది తేలుస్తారు. మనం ఫైనలియర్ ప్రాజెక్టులో చేసేది ఇదే కదా! ముందు ప్రోటోటైప్, తర్వాత టెస్టింగ్, ఆపై రిలీజ్. కాంక్రీటు పోశాక బగ్ దొరికితే బోలెడు ఖర్చు. కోన్ల దశలోనే దొరికితే పక్కకి జరిపితే సరిపోతుంది.

ఇంతకీ ఫలితం వచ్చిందా? బెర్లిన్‌లోని ఒక పరిశోధన సంస్థకి చెందిన సెబాస్టియన్ క్రాస్, నికోలస్ కోచ్ దీన్నే లెక్కగట్టారు. 106 యూరప్ నగరాల్లో రోడ్ల పక్కనున్న 736 సైకిల్ కౌంటర్ల డేటా తీసుకున్నారు. తాత్కాలిక లేన్లు వేసిన నగరాల్లో వాటి కారణంగా సైకిల్ వాడకం సగటున 11 నుంచి 48 శాతం దాకా పెరిగిందని 2021లో తేల్చారు. డేటా సైన్స్ నేర్చుకుంటున్న వాళ్లు ఇక్కడో విషయం గమనించాలి. వాళ్లు వాడింది రోడ్డు పక్కన యంత్రం రోజూ లెక్కపెట్టే అంకెలు. ఆ యంత్రమే లేకపోతే ఈ వాదనే లేదు.

అన్నిచోట్లా కథ సుఖాంతం కాలేదు. లండన్‌లోని కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లో 2020లో ఇలాగే సైకిల్ లేన్ పెట్టారు. ట్రాఫిక్ ఆగిపోతోందని, వ్యాపారం దెబ్బతింటోందని ఫిర్యాదులు రావడంతో ఆ ప్రాంత కౌన్సిల్ దాన్ని ఏడు వారాలకే పీకేసింది. తొక్కేవాళ్లు గొడవ చేసినా లాభం లేకపోయింది. 18 నెలలు ఉంచగలిగే ప్రయోగాన్ని రెండు నెలలైనా ఉంచకపోతే అది ప్రయోగం ఎలా అవుతుంది? అలాగని ఫిర్యాదు చేసినవాళ్లంతా మొండివాళ్లేం కాదు. కారు తప్ప వేరే దారి లేని వికలాంగులు, ఇంటి ముందు సరుకు దింపుకోవాల్సిన చిన్న దుకాణదారులు కూడా అడ్డు చెప్పారు. హడావుడిలో వాళ్లని ముందుగా అడగకపోవడం చాలాచోట్ల జరిగిన పొరపాటే. యూజర్‌ని అడక్కుండా యాప్ చేస్తే రేటింగ్ ఏమవుతుందో మనకి తెలియందా!

‘ఇదంతా చల్లటి దేశాల ముచ్చట. మే నెల ఎండలో ఇక్కడ ఎవడు తొక్కుతాడు?’ అని మా ఫ్రెండ్ ఒకడు వాదిస్తాడు. సగం నిజమే. 20 కిలోమీటర్లు సైకిల్ మీద ఆఫీసుకి రమ్మని నేనూ అనను. కానీ బస్టాప్ నుంచో, మెట్రో నుంచో మిగిలిన ఆ కిలోమీటరున్నర సంగతేంటి? బస్సెక్కే ప్రతి ఒక్కరూ ఎక్కే ముందూ దిగాకా నడవాల్సిందే. అది మే అయినా, డిసెంబర్ అయినా. నీడకి చెట్టు, నడవడానికి జాగా ఇవ్వడం విలాసం కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క. ఎమర్జెన్సీ అనడానికి ఇంకో వైరస్ రావాలా?

మనవాళ్లు అసలు ప్రయత్నించలేదని కాదు. కేంద్రం 2020 జూన్‌లోనే ‘సైకిల్స్ ఫర్ చేంజ్’ పోటీ పెడితే వందకు పైగా నగరాలు ముందుకొచ్చాయి. చివరికి ఎంపికైన 11 నగరాల్లో మన వరంగల్ ఒకటి. హైదరాబాద్ ఔటర్ పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అయితే ఔటర్ పక్కన ట్రాక్ ఆదివారం ఉదయానికి ఎక్కువ పనికొస్తుంది. సోమవారం ఉదయానికి కావాల్సింది మెట్రో మెట్ల నుంచి ఆఫీసు గేటు దాకా, హాస్టల్ నుంచి కోచింగ్ సెంటర్ దాకా దారి. దానికి సోలార్ కప్పు అక్కర్లేదు. నాలుగు కోన్లు, ఒక గీత, దాన్ని ఆర్నెల్లు కాపాడే ఓపిక చాలు.

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఇదంతా ఎందుకంటారా? మూడు కారణాలున్నాయి. ఒకటి, ప్రయాణం కూడా మీ జీతంలో కోతే. రెండు ఆఫర్లుంటే ప్యాకేజీతో పాటు రోజూ పట్టే సమయం, పెట్రోలు, ఈఎంఐ కూడా కాగితం మీద రాసుకుని పోల్చండి. కుదిరితే చేరే ముందు ఆఫీసు టైమ్‌లో ఒకసారి ఆ దారిన నడిచి చూడండి. రెండు, ఇక్కడ పని ఉంది. కౌంటర్ సెన్సర్లు, జీఐఎస్ మ్యాపులు, ట్రాఫిక్ సిమ్యులేషన్.. సివిల్, ఈసీఈ, కంప్యూటర్స్ వాళ్లందరికీ చోటున్న రంగం ఇది. ఇంకో ఫుడ్ డెలివరీ యాప్ క్లోన్ బదులు, మీ కాలేజీ గేటు ముందు గంటకి ఎంతమంది నడుస్తున్నారో లెక్కపెట్టే ప్రాజెక్టు చేయండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి మీదంటూ ఒక కథ ఉంటుంది.

మూడోది, ఆ లెక్క పట్టుకుని మున్సిపల్ కమిషనర్ దగ్గరికి వెళ్లండి. ఫ్లైఓవర్ అడగొద్దు. ‘సార్, ఈ 500 మీటర్లు, ఆరు నెలలు, ట్రయల్ వేసి చూద్దాం’ అనండి. కాదనడానికి ఆయనకీ కారణం కావాలి. నేను మూడేళ్లు ఈఎంఐ కట్టాను కానీ ఈ ఒక్క మాట ఎవర్నీ అడగలేదు. మీరైనా అడగండి.