తీతువు ఎందుకరిచింది?

పిల్లలూ! మా ఇల్లు పురానాపూల్ దగ్గర. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన ఈ వంతెనకు 22 కమానులున్నాయి. కింద పారే మూసీని చూస్తే ఇప్పుడు ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. "తాతా, ఈ నది పుట్టినచోట కూడా ఇట్లాగే ఉంటుందా?" అని మా మనవరాలు అడిగింది. చెప్పేకంటె చూపించడం మేలు గదా! ఉగాదికి ముందు ఆదివారం నలుగురు పిల్లలను వెంటబెట్టుకొని, నాంపల్లిలో రైలెక్కి వికారాబాదులో దిగాను. మూసీ పుట్టేది అక్కడి అనంతగిరి కొండల్లోనే.

మన మెట్టనేల ఎడారి కాదు గాని, ఆ రోజుల్లో ఎడారిలాగే కనబడుతుంది. గడ్డి ఎండి, చెట్లు ఆకులు రాల్చి ఉంటాయి. ఆ మధ్యలో మోదుగు చెట్టు! ఒక్క ఆకైనా లేదు, కొమ్మల నిండా నిప్పురంగు పూలే. ఎందుకో తెలుసా? ఆకుల గుండా నీరు ఆవిరైపోతుంది. వేసవి రాకముందే చెట్టు ఆ ఖర్చు తగ్గించుకుంటుంది. ఆకులు అడ్డం లేవు గనుక పూలు ఎంతో దూరానికి కనబడతాయి. గోరింకలు తేనెకోసం ముక్కు దూర్చగానే పుప్పొడి అంటుకొని మరో పువ్వుకు చేరుతుంది. దీనినే సంస్కృతంలో కింశుకమంటారు. "ఇది చిలుకా?" అని అర్థం చెబుతారు. ఒక పువ్వు చేతిలో పెట్టుకొని చూడండి, అచ్చంగా చిలుకముక్కే! (ఈ పూలు ఉడకబెట్టి హోలీ రంగు తీసే సంగతి మరోసారి రాస్తాను.)

"కిందికి చూసి నడవండి" అని పిల్లలకు పదిసార్లు చెప్పాను. నేను మాత్రం చెట్లవైపే చూస్తూ నడిచాను! ఇంతలో ఒక తీతువు అరుస్తూ నా తలమీద తిరగసాగింది.

"తీతువు కూస్తే కీడంటారు తాతా" అన్నాడు పక్కింటి పిల్లవాడు భయంగా.

"తాతా, కాలు దించకు!" అని మనవరాలు కేకవేసింది.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపాను. చెప్పుకింద జానెడు దూరంలో నాలుగు గుడ్లు! గూడనేది లేదు. నేలలో చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, అంతే. మట్టిరంగుమీద నల్లమచ్చలతో ఆ గుడ్లు రాళ్లలో రాళ్లుగా కలిసిపోయాయి.

"ఒకటి తీసుకుపోయి మా కోడికింద పెడదాం" అన్నాడొకడు.

"వద్దు నాయనా. తల్లి ప్రమాదమని కూయగానే తీతువు పిల్లలు నేలకు అతుక్కుపోతాయి. ఆ కూత మీ కోడికెక్కడ వస్తుంది?" అన్నాను.

వచ్చిన అడుగుల్లోనే వెనక్కు పోయి, దూరాన చెట్టుకింద కూర్చున్నాం. ఎండకు గుడ్లు చెడిపోతాయేమోనని నాకు బెంగ. గడియారం చూస్తూనే ఉన్నాను. పన్నెండు నిమిషాలకు పిట్ట వచ్చింది. తిన్నగా రాలేదు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసి, చివరికి కూర్చున్నది. మరీ ఎండ ముదిరితే ఈ పిట్టలు పొట్ట ఈకలు నీటిలో తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి.

మూసీ మాటేమిటంటారా? మేము చూసిన వాగులో నీరు చీలమండలదాకా కూడా లేదు. కాని అడుగున ఉన్న రాళ్లు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. మనవరాలు చాలాసేపు అక్కడినుండి కదలలేదు.

ఆ రాత్రి ఇంటికి చేరాక మూసీ ఒడ్డున తీతువు అరిచింది. పక్కింటి నాయనమ్మ "శివశివా!" అంటూ తలుపు వేయబోయింది.

"భయపడకు నాయనమ్మా, దాని గుడ్ల దగ్గరికి ఎవరో పోయినట్టున్నారు" అన్నాడు వాళ్ల పిల్లవాడు.