జానపదమని పేరు తుడిచేస్తారా?

"జానపదం" అన్న మాట మీద నాకు కోపం. మాట మీద కాదు లెండి, దాన్ని వాడే తీరు మీద. ఒక మనిషి కూచుని కట్టిన పాటని, కాలికి గజ్జె కట్టుకుని తనే వూరూరా తిరిగి పాడిన పాటని పట్టుకొచ్చి, మైకులో "ఇప్పుడొక జానపద గీతం" అనేస్తే సరిపోయిందా? కట్టిన మనిషి ఏమైనట్టు? మా మార్కాపురం పలక మీద అక్షరాన్ని తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు, ఒక్క మాటతో ఆయన పేరు తుడిచేస్తున్నాం.

వంగపండు ప్రసాదరావుగారి సంగతి చెబుతున్నాను. చదువుకున్న వాళ్లింట్లో ఈ పేరు చెప్పి చూడండి. "ఎవరాయన?" అంటారు. "ఏం పిల్లడో ఎల్దమొస్తవా" తెలుసా అని అడగండి. "ఓ, ఆ జానపదమా!" అని మొహం విప్పారుతుంది. పాట తెలుసు, మనిషి తెలీదు. అదీ మన రసికత!

ఆయన 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. శ్రీకాకుళం కొండల్లో గిరిజనులు భూమి కోసం తిరగబడిన రోజుల నాటికి యువకుడు. తర్వాత గద్దర్‌తో కలిసి జననాట్యమండలిలో పనిచేశారు. వందల పాటలు కట్టారు. మాట ఆయనదే, వరస ఆయనదే, గొంతు ఆయనదే, చిందు కూడా ఆయనదే. సినిమాల్లో నలుగురు చేసే పని ఒక్కరూ చేశారన్నమాట. 1986లో ఆర్. నారాయణమూర్తి తీసిన "అర్ధరాత్రి స్వతంత్రం"తో ఆయన పాట సినిమాకెక్కి, ఆ కొండలెప్పుడూ చూడని మా నల్లమల పక్క వూళ్లకు కూడా చేరింది. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలోనే కన్నుమూశారు.

పత్రికలవాళ్లు ఆయన్ని "ఉత్తరాంధ్ర గద్దర్" అని మెచ్చుకునేవారు. మెచ్చుకోలేనా అది? గద్దర్ గొప్పవాడే, కాదనను. కానీ సొంత పేరున్న మనిషికి పక్క మనిషి పేరు అరువు తెచ్చి తగిలించడం దేనికి? "ఫలానావారి భార్య"గా పెళ్లి పందిళ్లలో పరిచయమయ్యే మా ఆడవాళ్లకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఆ మధ్య గిద్దలూరులో ఒక బడి వార్షికోత్సవానికి పిలిస్తే వెళ్లాను. ముద్దుగా లంగావోణీలు కట్టుకున్న ఆడపిల్లలు ఈ పాటకే ఎగిరారు. అంతకుముందు వ్యాఖ్యాత చెప్పిన మాటలు వినాలి: "మన తాతముత్తాతల నుంచి వస్తున్న జానపద సంపద"! పక్కన కూచున్న తెలుగు మేష్టారు కూడా తల వూపుతున్నారు. అయ్యా, మా గిద్దలూరు, కంభం తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లావి. ఒంగోలు జిల్లాలో కలిశాక కూడా మా నోట్లో యాస మారలేదు. మా తాతముత్తాతలెవరూ "ఎల్దాం" అని ఎరగరు. "పోదాం" అంటారు. "పోదాం పా" అంటారు. ఆ ఒక్క మాట చెవిని పడితే చాలదూ, ఇది మన పొలాల్లో పుట్టింది కాదు, ఎక్కడో తూర్పు కొండల కింద పుట్టిందని? తెలుగు చెప్పే మేష్టారికే ఆ చెవి లేకపోతే ఇంక పిల్లలకేం వస్తుంది!

పేరు పోతే పోయింది, పాట మిగిలింది గదా అని మీరనొచ్చు. మిగల్లేదు. అదే నా తగాదా. పేరుతో పాటు అర్థం కూడా పోయింది. అది పోరాటానికి రమ్మని పిలిచే పాట. పిలిచినవాడెవడో, ఎక్కణ్ణించి పిలిచాడో చెప్పకపోయేసరికి, పిల్లా పిల్లాడూ జాతరకు పోయే సరసం పాటయి కూచుంది. 2009లో "మగధీర" సినిమా పాటలో ఆ పల్లవి వినపడ్డప్పుడు, తన అనుమతి అడగలేదని వంగపండుగారు అభ్యంతరం చెప్పారు. గిరిజనుల పోరాటం కోసం రాసిన పాటని దానికా వాడేది అని ఆయన బాధ. అప్పుడు చాలామంది ఏమనుకున్నారు? "జానపదానికి అనుమతేమిటండీ?" అనుకున్నారు. పాట రాసినాయన ఎదురుగా నిలబడి నాదంటుంటే! నూరేళ్లు గడిచి, కట్టినవాళ్లెవరో మరుగున పడితే దాన్ని జానపదం అంటాం. మనిషి బతికుండగానే మరిచిపోతే దాన్నేమనాలో మీరే చెప్పండి.

ఇది ఆయనొక్కడికే జరిగింది కాదు. "మా భూమి" సినిమాలో గద్దర్ పాడిన బండి పాట వుంది చూశారా, దాన్ని కట్టింది బండి యాదగిరి. పాట వచ్చినవాళ్లలో ఆ పేరు వచ్చినవాళ్లెందరు?

ఇంకో వాదం వుంది. ఇది కాస్త మర్యాదస్తుల వాదం. "ప్రజాకవి తన పాటను ప్రజలకిచ్చేశాడు. ఇంక సొంతమేమిటి?" అంటారు. కంభం చెరువు కింద ఎన్ని వూళ్లవాళ్లు సేద్యం చేస్తారు! నీళ్లు అందరివీ. అయినా కట్టించింది వరదరాజమ్మ అని అయిదు వందల ఏళ్లుగా చెప్పుకుంటూనే వున్నాం గదా. పేరు చెప్పుకున్నందుకు చెరువులో చుక్క నీరు తగ్గిందా? ప్రజలకివ్వడం వేరు, అడగకుండా ఎత్తుకుపోవడం వేరు. కూలితల్లి కలుపు తీస్తూ పాడుకుంటే ఆయన సంతోషించి వుంటారు. ఆమెనెవరూ లెక్క అడగలేదు.

యంత్రం ఎట్లా నడుస్తుందో, దాని వెనక ఎవరి చెమట వుందో చెప్పే పాట కూడా ఆయనదే. రాతిదుమ్ము మింగుతూ పలకలు కోసిన మా మార్కాపురం కూలీలకు ఆ పాటకి టీకా తాత్పర్యాలు అక్కర్లేదు. అక్కరపడేది మన సాహిత్య సభలకే. పాట కట్టి పాడేవాడు కవా కాదా అని మనవాళ్లింకా తర్కించుకుంటుంటే, 2016లో బాబ్ డిలాన్‌కు నోబెల్ సాహిత్య బహుమతే ఇచ్చేశారు. మనింట్లో కూడా, మా నల్లమలకు అవతలి గట్టు కవి గోరటి వెంకన్నకు "వల్లంకి తాళం" మీద 2021 సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. మంచిదే. వంగపండుగారు అప్పటికే వెళ్లిపోయారు.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. రచయిత పోయాక అరవై ఏళ్లు హక్కు వారసులకుంటుంది. సినిమాకిచ్చిన పాటయినా సరే, థియేటరు బయట మోగినప్పుడు వచ్చే రాయల్టీలో రచయిత వాటాను నిర్మాత రాయించేసుకోడానికి వీల్లేదని 2012లో సవరణ చేశారు. బడిపిల్లల దగ్గర డబ్బులడగమని నేననడంలేదు. మైకులో రెండు మాటలు, "వంగపండు పాట" అనడానికి ఖర్చేముంది?

లెక్క వేసి చూశాను. 2020కి అరవై కలిపితే 2080. ఆ రోజు గిద్దలూరు స్టేజీ మీద ముందు వరసలో ఎగిరిన మూడో తరగతి పిల్ల అమ్మమ్మ అయ్యేదాకా అది చట్టప్రకారం కూడా వంగపండు పాటే.