చదవలేనివాడికి సైన్సు రాదా?

ఈ నెల రేషను కార్డుల భాగవతం వ్రాస్తానన్నాను. పాఠకులు క్షమించాలి, మా యింట్లోనే అంతకన్న పెద్ద భాగవతం నడుస్తోంది.

సిరొంచలో ఉండే మా చెల్లెలు తన కొడుకును చదువు నిమిత్తం మా దగ్గర ఉంచింది. యింట్లో తెలుగు, చంద్రపూరు బడిలో మరాఠీ. యెనిమిదో తరగతి. మొన్న సైన్సులో నలభైకి ఆరు మార్కులు! అక్షరాలన్నీ తారుమారు, సగం ప్రశ్నలు ముట్టుకోనే లేదు. "మొద్దండీ మీవాడు" అన్నారు మాస్టారు. మరాఠీ అలవాటు కాలేదు కాబోలునని నేనూ రెండేళ్ళు ఊరుకున్నాను. ఆ తప్పు నాదే.

ఆదివారం మా ఆవిడ కుక్కరు పెట్టింది. వీడు అట్టముక్కతో గాలిమర చేసి ఆవిరికి తిప్పుతున్నాడు. (మా ఆవిడ అరచిన అరుపు పక్కవాటాకు వినిపించింది. పిల్లల్ని ఒంటరిగా కుక్కరు దగ్గరకు పోనివ్వకండి.)

"మామయ్యా, మన కరెంటు కూడా యిట్లాగే కదూ! బొగ్గు మండితే నీళ్ళు కాగుతాయి. ఆవిరి పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. దాని కడ్డీకున్న అయస్కాంతం తీగచుట్టల నడుమ తిరిగితే కరెంటు పుడుతుంది. ఆ లావుపాటి గోపురాల్లోంచి వచ్చేది పొగ కాదు, నీటి ఆవిరే" అన్నాడు.

మన ఊరి థర్మల్ స్టేషను 2,920 మెగావాట్లది. యిరవై యేళ్ళుగా చూస్తున్న నేను దాన్ని పొగ అనే అనుకున్నాను సుమండీ! అదే సంగతి వ్రాయమంటే 'టర్బైన్' అన్న మాటనే మూడుచోట్ల మూడు రకాలుగా వ్రాశాడు.

డాక్టరుగారిని అడిగితే, "తెలుగు చదివించి చూశారా?" అన్నారు. ఒక్క మరాఠీలోనే తడబడితే భాష కొత్త కావచ్చు. చిన్ననాటినుంచీ నేర్చిన తెలుగులోనూ అంతే అయితే పరీక్ష చేయించాలట. చదివించాను. అంతే అయింది. దీన్ని స్పెసిఫిక్ లెర్నింగ్ డిసెబిలిటీ అంటారు. తెలివి తక్కువ కావడం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 వైకల్యాల్లో యిదీ ఒకటి. సర్టిఫికెట్టు ఉంటే పరీక్షలో అదనపు సమయం, అవసరమైతే వ్రాసిపెట్టే మనిషి వంటి సదుపాయాలు అడగవచ్చు.

మాస్టారి దగ్గరకు మళ్ళీ వెళ్ళి, ఒక్క పాఠం నోటితో అడగమని బతిమాలాను. ఆయనా చెడ్డవారు కారు. గది నిండా పిల్లలు, చేతిలో గంట సమయం. అడిగారు. వీడు చెప్పాడు. యిప్పుడు ఆయన బొమ్మ గీసి యిచ్చి, మాటలు చీటీలమీద వ్రాసి, యే చీటీ యెక్కడో పెట్టమంటున్నారు. ప్రశ్న తామే చదివి వినిపిస్తున్నారు. మొన్న పదికి యేడు తప్పకుండా పెట్టాడు.

వచ్చిన చిక్కల్లా మా చెల్లెలితోనే. "సర్టిఫికెట్టు అంటే పిచ్చివాడని ముద్రేగా అన్నయ్యా? రేపు వాడికి పిల్లనెవరిస్తారు?" అని ఫోనులో యేడ్చింది. ఆస్పత్రివారు గురువారం రమ్మన్నారు. తల్లి సంతకం కావాలి. దరఖాస్తు నింపి బల్లసొరుగులో పెట్టాను. బుధవారం బస్సుకు వస్తానని మాత్రం అంది.