ఎర్రదీపం దగ్గర ధనికుడూ పేదవాడూ

మా మదరసాలో ఖుర్ఆన్ కంఠస్థం చేస్తున్న ఒక బాలుని తండ్రి హైదరాబాదు వీధుల్లో మోపెడ్‌పై పండ్లు అమ్ముతారు. గత నెల జుమా నమాజు తర్వాత ఆయన ఫోనులో వచ్చిన చలానాను మాకు చూపారు. "హజ్రత్, ఎర్రదీపం దాటిన మాట నిజమే, తప్పు నాదే. కానీ నా వెనకే ఒక పెద్ద కారు కూడా దాటింది. ఆయనకూ ఇంతే, నాకూ ఇంతేనా?" అని అడిగారు. ఆ మొత్తం ఆయనకు రెండు రోజుల సంపాదన. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

చట్టం ముందు అందరూ సమానులే. తన కుమార్తె దొంగిలించినా శిక్ష తప్పదన్న ప్రవక్త (సఅసం) అనుచరులకు ఈ మాట ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే సమానమైన శిక్ష అంటే సమానమైన మొత్తమేనా? ప్రమాణభంగానికి పరిహారంగా పదిమంది నిరుపేదలకు అన్నం పెట్టడాన్ని దివ్యఖుర్ఆన్ మాయిదా సూరా ఒక మార్గంగా చూపింది. ఎలాంటి అన్నం? తన ఇంటివారికి పెట్టేదానిలో మధ్యరకం. ఇంట బిర్యానీ వండించేవాడు గంజి పోసి తప్పించుకోలేడు. జొన్నరొట్టె తినేవాడు బిర్యానీ కోసం అప్పు చేయనక్కరలేదు. ఏ మార్గానికీ స్తోమత లేనివానికి మూడు ఉపవాసాలు.

ఫిఖ్హ్ పాఠంలో మేము ఏటా చెప్పే ఒక ఉదంతం ఉంది. అందులుస్ పాలకుడు రెండవ అబ్దుర్రహ్మాన్ రమజాను ఉపవాసాన్ని భంగపరచినప్పుడు, మాలికీ పండితుడు యహ్యా బిన్ యహ్యా రెండు నెలలు వరుసగా ఉపవాసం ఉండమన్నారట. బానిసను విడుదల చేయమంటే రాజుకు అది సులువు, మళ్ళీ అదే తప్పు చేస్తారన్నది ఆయన వాదం. హదీసు నిర్ణయించిన క్రమాన్ని మార్చే హక్కు లేదని తరువాతి పండితులు తప్పుపట్టారు. మేమూ వారి పక్షమే. కానీ ఎర్రదీపానికి ఏ ఆయతూ జరిమానా నిర్ణయించలేదు, అది పాలకుల విచక్షణకు వదిలిన విషయం. యహ్యా గారి ఆలోచనకు ఇక్కడ చోటున్నది.

ఫిన్లాండ్ 1921 నుండే ఇలా చేస్తున్నది. అక్కడ వేగపరిమితిని బాగా మించితే దినసరి ఆదాయాన్ని బట్టి జరిమానా పడుతుంది. 2023లో ఆలాండ్ దీవుల్లో ఒక సంపన్న వ్యాపారి గంటకు 50 కిలోమీటర్ల పరిమితి ఉన్నచోట 82 వేగంతో వెళ్ళి 1,21,000 యూరోలు కట్టవలసి వచ్చింది. మన లెక్కలో కోటి రూపాయలకు పైమాటే!

మన దేశంలో ఆదాయం ఎవరు చెబుతారు? జీతగాడి లెక్క కాగితంపై ఉంటుంది, పెద్ద వర్తకుని లెక్క ఆయన మనసులో ఉంటుంది. ఆదాయాన్నే కొలబద్దగా పెడితే గుమాస్తా ఎక్కువ కడతాడు, సేటు తక్కువ కడతాడు. జకాత్ విషయంలో మన పూర్వీకులు దీనికి దారి చూపారు. పశువులు, పంటల వంటి కంటికి కనిపించే సంపద నుండి ప్రభుత్వం వసూలు చేసేది. పెట్టెలోని నగదు యజమాని మనస్సాక్షికి వదిలేవారు. రోడ్డుపై కంటికి కనిపించే సంపద వాహనమే. దాని ధరను బట్టి జీవితకాల పన్ను ఇప్పటికే వసూలవుతున్నది. జరిమానాకూ అదే కొలత వాడితే కొత్త లెక్కలేవీ అక్కరలేదు. పాత బండిలో తిరిగే కోటీశ్వరుడు కొందరుండవచ్చు. వారిని అల్లాహ్‌కు వదిలేద్దాం.

ఈ మాటే ఆ పండ్ల వ్యాపారికి మొన్న చెప్పాము. ఆయన నవ్వి, తన చలానా కట్టేశానన్నారు. 2022లో ద్విచక్ర వాహనాల పాత చలానాలపై 75 శాతం రాయితీ ఇచ్చారు కదా, ఈసారీ ఆగి చూడమని తోటివారు చెప్పారట. తప్పు తనదైనప్పుడు బేరమెందుకని ఆయన ఆగలేదు.