నాన్నగారి రికార్డులు అరిగిపోకుండా...

సెలవుకు వెళ్తూ సెకండ్‌హ్యాండ్ షాపులో రికార్డు ప్లేయర్ కొని తీసుకెళ్దామనుకునే సోదరుల కోసం ఈ వారం నాలుగు మాటలు. ఇంట్లో అటక మీద నాన్నగారి కాలం నాటి ఘంటసాల రికార్డులు ఉంటే ఆలోచన మంచిదే. కానీ ఒక్కటి గుర్తుంచుకోవాలి. ప్లేయర్ పాడైతే ఇంకొకటి కొనుక్కుంటాం. రికార్డు అరిగితే మళ్లీ రాదు.

కొనే ముందు వెనక ఉన్న రేకు చదవండి. 110 వోల్టులు అని మాత్రమే ఉంటే మన ఊళ్లో నేరుగా ప్లగ్ పెట్టకూడదు, కాలిపోతుంది. హెర్ట్జ్ కూడా చూడండి. సౌదీ కరెంటు 60 హెర్ట్జ్, ఇండియాలో 50. కొన్ని పాత మోడళ్ల మోటారు వేగం దీని మీదే ఆధారపడుతుంది. అలాంటిది సౌదీలో చక్కగా పాడినా, ఇంటికెళ్లాక ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. పాట సాగదీసినట్టు ఉంటుంది. యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లలో కరెంటు 50 హెర్ట్జే. అయినా బయటి దేశాల నుంచి వచ్చిన సెట్టు కావచ్చు, రేకు చూడటం మానకండి.

ఇక బిగించే పని. బల్ల ఊగకూడదు, ఏటవాలుగా ఉండకూడదు. స్పీకర్లు అదే బల్ల మీద పెట్టొద్దు. తర్వాత ఆర్మ్ వెనక ఉన్న బరువును తిప్పుతూ, ఆర్మ్ త్రాసులా గాల్లో నిలిచేలా చేయండి. అక్కడ అంకెల చక్రాన్ని సున్నాకు తెచ్చి, ముల్లు కంపెనీ చెప్పినన్ని గ్రాములు పెట్టండి. చాలావాటికి 1.5 నుంచి 2 గ్రాములు. యాంటీ స్కేటింగ్ మీట ఉంటే దానికీ అదే అంకె.

బరువు తగ్గిస్తే రికార్డుకు మేలని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. బరువు చాలకపోతే ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి, గాడి గోడలనే గీకేస్తుంది. ‘స’, ‘శ’ అక్షరాల దగ్గర గొంతు చీలినట్టు వినిపిస్తే ముందు ముల్లు మీది దుమ్ము చూడండి, తర్వాత ఈ బరువు చూడండి. దుమ్మును మెత్తటి బ్రష్‌తో వెనక నుంచి ముందుకే తుడవాలి.

వాడిన ముల్లు ఎన్ని గంటలు తిరిగిందో షాపువాడికీ తెలియదు. ప్లేయర్ ధరలో బేరమాడి మిగిల్చిన డబ్బు కొత్త ముల్లుకు పెట్టండి. 78 స్పీడు రికార్డులకు వెడల్పు ముల్లు వేరే ఉంటుంది. వాటిని స్పిరిట్‌తో తుడవొద్దు, లక్క కరిగిపోతుంది.

ప్యాకింగ్‌లో వెనక బరువు, పళ్లెం విప్పి విడిగా చుట్టండి. ఆర్మ్‌ను దారంతో కట్టండి. ఇంటికెళ్లాక ఈ కొలతలన్నీ మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాకే నాన్నగారి రికార్డు పెట్టండి.

వచ్చే వారం మరో పనితో కలుద్దాం.